చెడును ఆపడం సరే, ముందు ఎవరి దగ్గర ఆపాలి?

ప్రవక్త (స) చెప్పిన ఈ మాట, ఈ హదీసు, వినని ముస్లిం ఇల్లు ఉండదేమో. "మీలో ఎవరైనా చెడును చూస్తే చేత్తో మార్చాలి. అది చేతకాకపోతే నోటితో. అదీ చేతకాకపోతే మనసులోనైనా అసహ్యించుకోవాలి, ఇది విశ్వాసంలో అన్నిటికన్నా బలహీనమైన స్థాయి." జుమ్మా బయాన్లలో, అంటే శుక్రవారం ప్రసంగాల్లో, వింటాం. పొద్దున్నే వాట్సాప్‌లో పూల బొమ్మల మీద చదువుతాం. ఎవరి పెళ్ళిలోనో డీజే పెట్టారని తెలిసినా, ఎవరి కూతురో జీన్స్ వేసుకుందని తెలిసినా మనవాళ్ళు ముందు తీసేది ఈ హదీసే. కానీ ప్రవక్త సహచరుడు అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఈ మాటను ఎక్కడ, ఎవరి ముందు గుర్తుచేశారో చెప్పిన బయాన్లు నేను పెద్దగా వినలేదు. సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఈ మాటకు ముందు వాక్యాల్లోనే ఆ సంగతంతా ఉంది.

అది మదీనా, పండుగ రోజు. గవర్నరు మర్వాన్ ఇబ్నె హకం. ఈద్ నాడు ముందు నమాజు, తర్వాత ఖుత్బా (ప్రసంగం). ప్రవక్త (స) కాలం నుంచీ అదే పద్ధతి. మర్వాన్ దాన్ని తిరగేసి ముందు ఖుత్బా మొదలుపెట్టాడు. జనంలోంచి ఒకతను లేచి "ఖుత్బా కంటే ముందు నమాజు కదా" అన్నాడు. "ఆ పద్ధతి ఎప్పుడో పోయింది" అన్నాడు మర్వాన్. అప్పుడు అబూ సయీద్ "ఇతను తన బాధ్యత తీర్చుకున్నాడు" అని, ప్రవక్త నోట తాను విన్న ఈ మాట చెప్పారు.

బుఖారీ అనే ఇంకో హదీసు గ్రంథంలో ఉన్న కథనంలో అబూ సయీదే మర్వాన్ బట్ట పట్టుకుని లాగుతారు. మర్వాన్ విడిపించుకుని మింబరు (ప్రసంగ వేదిక) ఎక్కుతాడు. "మీరు మార్చేశారు" అంటారు ఆయన. "అబూ సయీద్, నీకు తెలిసినవన్నీ పోయాయి" అంటాడు గవర్నరు. "నాకు తెలియనిదాని కంటే నాకు తెలిసిందే మేలు" అంటారాయన. అప్పుడు గానీ మర్వాన్ అసలు విషయం చెప్పడు: నమాజు అయిపోయాక జనం మా మాట వినడానికి కూర్చోవడం లేదు, అందుకే ఖుత్బా ముందుకు జరిపాను! (ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నమాజు కాగానే చెప్పులు వెతుక్కునే జనం పదమూడు వందల ఏళ్ళ కిందటా ఉన్నారన్నమాట.)

సహీ ముస్లిం కథనంలో లేచి నిలబడ్డవాడి పేరు కూడా లేదు. ఎదురుగా ఉన్నది గవర్నరు, సైన్యం చేతిలో ఉన్నవాడు. తప్పు జరిగింది ఊరందరి ముందు, మింబరు మీద. ఎవరి ఇంట్లోకీ తొంగిచూడలేదు, ఎవరి ఆరా తీయలేదు. చెప్పినవాడు కూడా ఒక్క మాట చెప్పాడు, అంతే. ఆ సంఘటనలోంచి హదీసును విడదీసి, దాన్ని తీసుకెళ్ళి పక్కింటి ఇంటర్మీడియట్ పిల్ల మీద ప్రయోగిస్తున్నాం మనం. నా గొడవంతా దీని గురించే.

ముందే ఒక మాట. "ఎవరి పాపం వాళ్ళది, నువ్వెవరివి చెప్పడానికి" అనే వాదం వైపు నేను లేను. చదువుకున్న మనవాళ్ళలో ఈ మాట ఈమధ్య బాగా ఎక్కువైంది. ఖుర్ఆన్‌లోనే దీనికి ఆధారం చూపించేవాళ్ళూ ఉన్నారు. ఐదో సూరా (అధ్యాయం) 105వ ఆయతు (వాక్యం) "మీ సంగతి మీరు చూసుకోండి, మీరు సన్మార్గంలో ఉంటే దారి తప్పినవాడు మీకు నష్టం చేయలేడు" అంటుంది. అయితే ఈ సాకు కొత్తది కాదు. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలోనే మొదలైంది. ఆయన జనంతో, మీరు ఈ ఆయతు చదువుతున్నారు గానీ తప్పుగా వాడుతున్నారు, దుర్మార్గుడు కళ్ళ ముందు దౌర్జన్యం చేస్తుంటే జనం అతని చెయ్యి పట్టుకోకపోతే అల్లాహ్ శిక్ష అందరికీ కలిపి వచ్చేస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నాను, అన్నారు. ఓడ హదీసు కూడా ఇదే చెబుతుంది. కింది అంతస్తు వాళ్ళు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి ఎక్కలేక, మా వాటాలో మేం కన్నం పెట్టుకుంటాం అంటారు. వాళ్ళ వాటా వాళ్ళదే. కానీ వదిలేస్తే మునిగేది అందరూ. నాకు ఇందులో నచ్చేదేమిటంటే, కింది వాళ్ళ ఉద్దేశం చెడ్డదని హదీసు ఎక్కడా అనదు. మాటిమాటికీ పైకొచ్చి పైవాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకనే అనుకుంటారు పాపం.

ఇంకా సూటిగా చెప్పే కథ ఏడో సూరాలో ఉంది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) నాడు చేపలు పట్టకూడదు. చేపలేమో సరిగ్గా ఆ రోజే గుంపులు గుంపులుగా పైకి వస్తాయి. ఊరు మూడుగా చీలింది. కొందరు పట్టారు. కొందరు వద్దని చెప్పారు. మూడో గుంపు, చెప్పేవాళ్ళతో, "అల్లాహ్ ఎలాగూ శిక్షించబోయే వాళ్ళకు చెప్పడం ఎందుకు, దండగ" అంది. దానికి వాళ్ళిచ్చిన జవాబు: "మీ ప్రభువు ముందు మేం చెప్పుకోవడానికి ఒక కారణం ఉండాలి. ఏమో, వాళ్ళు మారినా మారొచ్చు." చివరికి వద్దన్నవాళ్ళు బయటపడ్డారు, తప్పు చేసినవాళ్ళు దొరికిపోయారు. మూడో గుంపు ఏమైందో ఖుర్ఆన్ చెప్పదు. ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ చోటు చదివి, మౌనంగా ఉన్నవాళ్ళ గతి ఏమిటోనని ఏడ్చేవారని తఫ్సీర్లు (ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు) చెబుతాయి. ఆయన శిష్యుడు ఇక్రిమా, "వాళ్ళు మనసులో అసహ్యించుకున్నారు కదా, 'శిక్షించబోయే వాళ్ళు' అన్నారంటే అది తప్పని ఒప్పుకున్నట్టే కదా, వాళ్ళూ బయటపడ్డారు" అని వాదించి ఒప్పిస్తే, సంతోషం పట్టలేక అతనికి బట్టలు బహుమానంగా ఇచ్చారట. అంత పెద్ద పండితుడికి మౌనం అంటే అంత భయం. మనం మాత్రం "మనకెందుకొచ్చిన గొడవ" అని హాయిగా నిద్రపోతాం.

కాబట్టి చెప్పడం మానేయమని నేననడం లేదు. ఎవరికి చెబుతున్నాం, ఏ విషయంలో, ఎలా చెబుతున్నాం అనేవి చూడమంటున్నాను.

ఎలా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. మదీనాలోని ప్రవక్త మస్జిదులో ఒక ఎడారి మనిషి మూలన నిలబడి మూత్రం పోస్తుంటే సహాబాలు (ప్రవక్త సహచరులు) మీదికి పోయారు. ప్రవక్త (స) ఆపి, అతన్ని కానివ్వమన్నారు. అయ్యాక ఆ చోట ఒక బొక్కెన నీళ్ళు పోయించారు. తర్వాత పిలిచి, ఇవి ప్రార్థన కోసం కట్టిన చోట్లని నెమ్మదిగా చెప్పారు. "మీరు సులువు చేయడానికి పంపబడ్డారు, కష్టపెట్టడానికి కాదు" అని సహాబాలకూ చెప్పారు. నేలకు నీళ్ళు, సహాబాలకు ఒక మాట, అతనికి ఒక మాట. అదే పని ఇవాళ ఎవరైనా చేస్తే ముందు వీడియో, తర్వాత దెబ్బలు, సాయంత్రానికి ఆ మనిషి ఏ ఊరివాడో, ఏ మస్లక్ (శాఖ) వాడో అనే చర్చ.

ఏ విషయంలో అన్నదానికి పెద్ద పండితుడు ఇమాం గజాలీ దగ్గరికి పోవాలి. 1111లో చనిపోయిన ఆయన, ఇహ్యా ఉలూమిద్దీన్ అనే తన గ్రంథంలోని నలభై భాగాల్లో ఒకటి మొత్తం దీనికే కేటాయించారు. ఆయన పెట్టిన షరతులు చదివితే మన ఉత్సాహం సగం చల్లారిపోతుంది. ఆ చెడు ఇప్పుడు జరుగుతూ ఉండాలి. ఆరా తీయకుండానే కంటికి కనబడాలి. అది చెడని పండితుల్లో భేదాభిప్రాయం ఉండకూడదు. ఉడుములాంటి జంతువు మాంసం షాఫయీ న్యాయ సంప్రదాయాన్ని పాటించేవాడు తింటుంటే, దాన్ని ఒప్పుకోని హనఫీ సంప్రదాయం వాడు వెళ్ళి అడ్డుపడే పని లేదని ఉదాహరణ కూడా ఇచ్చారు. మన కోస్తాలో రొయ్యల మీద, రఫే యదైన్ (నమాజులో చేతులెత్తడం) మీద, ఆమీన్ గట్టిగా అనాలా మెల్లగా అనాలా అన్నదాని మీద మస్జిదులు రెండుగా చీలడం చూశాక, ఆ ఉడుము ఉదాహరణ ఫ్రేము కట్టించి గోడకు పెట్టాలనిపిస్తుంది.

ఆరా తీయడం గురించి ఆయన చెప్పిన కథ ఇంకా గట్టిది. ఖలీఫా ఉమర్ (రజి) రాత్రి గస్తీలో ఒక ఇంటి గోడ ఎక్కి లోపలి మనిషిని తప్పు చేస్తుండగా పట్టుకున్నారు. ఆ మనిషి జంకకుండా, "నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు" అన్నాడు. ఆరా తీయొద్దని అల్లాహ్ చెప్పాడు, మీరు తీశారు. ఇళ్ళలోకి తలుపుల్లోంచి రమ్మన్నాడు, మీరు గోడ దూకారు. అనుమతి అడిగి, సలాం చెప్పి రమ్మన్నాడు, మీరు రెండూ చేయలేదు. ఉమర్ అతని దగ్గర ఇక చేయనని మాట తీసుకుని వెళ్ళిపోయారు. ఉమర్ లాంటి ఉమర్‌కే గోడ ఎక్కే హక్కు లేకపోతే, చార్మినార్ దగ్గరో ట్యాంక్‌బండ్ మీదో బురఖా వేసుకున్న అమ్మాయి ఎవరితో ఉందో చూసి ఫోను తీసేవాడికి ఎవరిచ్చారు? హైదరాబాద్‌లోనూ, ఇంకొన్ని ఊళ్ళలోనూ ఇలా అమ్మాయిలను ఆపి, పేరు అడిగి, ముసుగు తీయమని వేధించి, ఏడుస్తున్న మొహాన్ని రీలుగా పెట్టిన సంగతులు వార్తల్లో చూశాం. వాళ్ళ నోట కూడా ఇదే హదీసు. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాన్ని అల్లాహ్ కప్పుతాడనే హదీసు అదే సహీ ముస్లింలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇదే పని రాజ్యం చేస్తే ఏమవుతుందో చూశాం. 2022 సెప్టెంబరులో టెహరాన్‌లో హిజాబ్ సరిగా లేదని గైడెన్స్ పెట్రోల్ పట్టుకెళ్ళిన 22 ఏళ్ళ మహ్సా అమీనీ తిరిగి ఇంటికి రాలేదు. కాబూల్‌లో 2021లో మహిళా వ్యవహారాల మంత్రిత్వశాఖ బోర్డు పీకేసి, అదే భవనంలో "మంచిని ఆదేశించే, చెడును నిరోధించే" మంత్రిత్వశాఖ పెట్టారు. సౌదీ అరేబియా తన ధార్మిక పోలీసులకున్న వెంటాడే, అరెస్టు చేసే అధికారాన్ని 2016లో తానే తీసేసింది. వీటి మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఇక్కడితో ఆపుతాను. మన దగ్గర ఆ పేరుతో మంత్రిత్వశాఖ లేదు, మస్జిద్ కమిటీలున్నాయి. నాకు తెలిసిన లోకం అది.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం కుప్ప దగ్గర ఆగి, లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. "ఏమిటిది?" అంటే వాన పడిందండీ అన్నాడు అమ్మేవాడు. "మరి జనానికి కనబడేలా తడిసింది పైన పెట్టలేదేం? మోసం చేసేవాడు నావాడు కాదు" అన్నారు. తర్వాతి శతాబ్దాల్లో ముస్లిం రాజ్యాల్లో ముహ్తసిబ్ అనే అధికారి వచ్చాడు. అతని పనిలో పెద్ద భాగం ఇదే: తూకం రాళ్ళు, పాలల్లో నీళ్ళు, దారికి అడ్డంగా కట్టిన అరుగులు, మోయలేని బరువు వేసిన గాడిదలు. ఒకరి తప్పు వల్ల ఇంకొకరి హక్కు పోతుందా అన్నది అక్కడ మొదటి ప్రశ్న. ఇవాళ మన మస్జిదుల్లో అది చివరి ప్రశ్న, చాలాచోట్ల ప్రశ్నే కాదు.

మన నికాహ్‌నే చూడండి. ఈమధ్య నికాహ్ మస్జిదులో చేయడం బాగా పెరిగింది, సున్నత్ అని. మంచిదే. అసర్ తర్వాత ఖాజీ సాబ్ వస్తారు. పెళ్ళికూతురి తరఫు వకీలు, ఇద్దరు సాక్షులు. మెహర్ (పెళ్ళికొడుకు భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) ఇంత, "సిక్కా రాయజుల్ వఖ్త్", అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్న నాణెంలో, అని చదువుతారు. ఖర్జూరాలు పంచుతారు. అందరూ "సాదా నికాహ్, మాషా అల్లాహ్" అనుకుంటూ బయటికొస్తే, గేటు పక్కన రిబ్బను కట్టిన కారు ఉంటుంది, అమ్మాయి తండ్రి కొన్నది. రాత్రి ఫంక్షన్ హాల్లో బిర్యానీ, డబుల్ కా మీఠా, అదీ ఆయన ఖర్చే. జోడే కీ రకం (అబ్బాయికిచ్చే కట్నం డబ్బు) ఎంత ముట్టిందో మస్జిదులో కూర్చున్న సగం మందికి తెలుసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అన్ని మతాలకూ వర్తిస్తుంది, మెహర్ కట్నం కిందికి రాదని అందులోనే రాసి ఉంది. అంటే చట్టమూ ఒప్పుకోదు, షరియత్ కూడా అబ్బాయే ఇవ్వమంటుంది. చెడు బహిరంగం, ఆరా తీయక్కర్లేదు, రిబ్బనే కనబడుతోంది. పండితుల్లో భేదాభిప్రాయం లేదు. గజాలీ షరతులన్నీ సరిపోయాయి. అయినా అక్కడ ఆ హదీసు ఎవరికీ గుర్తురాదు. ఆ మధ్యాహ్నం జుమ్మా బయాన్‌లో మాత్రం ఆడపిల్లల సెల్‌ఫోన్ల మీద అరగంట నడిచి ఉంటుంది.

అలాంటి చోట మాట్లాడిన మనిషిని నేను ఒకర్ని చూశాను. ఆలిమా (ధార్మిక పండితురాలు) కాదు, చదువుకోలేదు. మా దాదీ, నాయనమ్మ. తొమ్మిదో సూరా 71వ ఆయతు విశ్వాసులైన మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకరికొకరు అండ అనీ, మంచిని ఆదేశించి చెడును ఆపుతారనీ ఇద్దరినీ కలిపే చెబుతుంది. ఆ ఆయతు ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు.

ఆమె తమ్ముడు పోయాడు. మయ్యత్‌కు (శవానికి) గుసుల్ (స్నానం) అయింది, కఫన్ చుట్టారు. మన దగ్గర ఉన్న ఆచారం ప్రకారం నలుగురు ఆడవాళ్ళు ఆయన భార్యను రెక్కలు పట్టుకుని తీసుకొచ్చి, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు బరువు దిగుతుంది" అన్నారు. ఆమె ఏడుస్తోంది, ఏం చెప్పమంటే అది చెప్పేలా ఉంది. దాదీ గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా లేచింది. "ఆగండే. మాఫ్ చేయమని అడగాల్సింది వాడు, బతికున్నప్పుడు. ఇప్పుడు దీన్ని అడగడమేంది? బాకీ అది. కొడుకులు కట్టాలి. దీని ఇష్టం వచ్చిన రోజు అదే చెబుద్ది, ఏడ్చే రోజు కాదు" అంది. ఎవరో, వదినా, మయ్యత్ ముందు గొడవేంటి అన్నారు. "గొడవ ఎవురు మొదలుపెట్టారు?" అంది దాదీ.

సియాహా (నికాహ్ రాసుకున్న పత్రం) వెతికించారు. మెహర్ 525 రూపాయలు. ఆ అంకె విని వరండాలో మగవాళ్ళు కొందరు నవ్వారు కూడా. పెద్ద కొడుకు జేబులోంచి తీసి ఇవ్వబోయాడు. "అది సరే. ఇంట్లో ఎనిమిదో వంతు సంగతి కూడా చూడండి" అంది దాదీ. పిల్లలున్నప్పుడు భర్త ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు, అది నాలుగో సూరాలో అంకెతో సహా ఉంది, అప్పులు తీర్చాకే పంపకం అని కూడా ఉంది. వరండాలో నవ్వు ఆగింది. 525 అందరికీ తేలికే, ఇల్లే బరువు. నలభై రోజుల తర్వాత పెద్దమనుషులు కూర్చుని, వీధి వైపు షాపు అద్దె ఆమె చేతికే వచ్చేలా రాయించారు. లెక్కగా ఎనిమిదో వంతు అవునో కాదో గానీ, ఆమె చివరిదాకా మందులకు కొడుకుల్ని అడగలేదు.

ఇప్పుడు చెల్లెళ్ళ సంగతి. మగపిల్లాడికి రెండు పాళ్ళయితే ఆడపిల్లకు ఒకటి. దీని మీద బయటివాళ్ళు విమర్శిస్తే మనం గంటలు గంటలు సమర్థిస్తాం. ఆ ఒక్క పాలైనా ఎంతమంది ఇచ్చారు? "మా చెల్లి తనే వద్దంది" అంటారు. వద్దనకపోతే పుట్టింటి గుమ్మం మూసుకుంటుందని ఆమెకు తెలుసు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టించి, దారిలో చీర కొనిపెట్టి ఇంటి దగ్గర దింపుతారు. 1937లో షరియత్ చట్టం రావడానికి ఒక కారణం, ఊరి ఆచారం పేరు చెప్పి ముస్లిం ఆడవాళ్ళ వాటా ఎగ్గొట్టడమే. ఆ చట్టాన్ని ముట్టుకోవద్దని ఊరేగింపు తీస్తే వెనకాల వేలమంది ఉంటారు. అందులో అక్కచెల్లెళ్ళ వాటా లెక్కగట్టి ఇచ్చినవాళ్ళను ముందు వరసలో నడవమంటే, ఆ వరస చాలా పొట్టిగా ఉంటుందని నా అనుమానం.

మా మస్జిద్ కమిటీ సదర్ (అధ్యక్షుడు) సాబ్‌తో ఈ మాటే అన్నాను. మస్జిదు నోటీసు బోర్డు మీద పుట్టినరోజు కేకులు, డీజే, ఆడపిల్లల బట్టలు, అన్నిటి మీదా హెచ్చరికలు ఉన్నాయి, చెల్లెలి వాటా మీద ఒకటి రాయిద్దాం భాయ్ సాబ్, అని. ఆయన మంచి మనిషి, తహజ్జుద్ (అర్ధరాత్రి తర్వాతి నమాజు) తప్పనివాడు. "అది ఫ్యామిలీ మ్యాటర్ కదా" అన్నారు. బట్టలు ఎప్పట్నుంచి కమిటీ మ్యాటర్ అయ్యాయని నేనడిగితే నవ్వి, చాయ్ తెప్పించారు.

ఇమాం సాబ్‌నైనా చెప్పమనొచ్చు. కానీ ఆయన పరిస్థితి చూడాలి. తెలంగాణలో వక్ఫ్ బోర్డు ద్వారా ఇమాంలకు వచ్చే గౌరవ వేతనం కొద్దిపాటిదే, అదీ నెలనెలా పడుతుందన్న నమ్మకం లేదు. మిగతాదంతా కమిటీ ఇవ్వాలి. కమిటీలో ఉన్నది కొడుకులకు జోడే కీ రకం తీసుకున్నవాళ్ళు, చెల్లెళ్ళ చేత సంతకాలు పెట్టించుకున్నవాళ్ళు. ఎక్కడో బీహార్ నుంచో యూపీ నుంచో వచ్చి, మస్జిదు పక్క గదిలో కుటుంబంతో ఉంటున్న మనిషి, తనకు జీతమిచ్చేవాళ్ళ మొహం మీద ఆ బయాన్ ఎలా ఇస్తాడు? మర్వాన్ ముందు లేచిన అతనికి జీతం మర్వాన్ జేబులోంచి వచ్చేది కాదేమో మరి. ఆడపిల్లల ఫోన్ల మీద బయాన్ ఇస్తే ఏ ఉద్యోగమూ పోదు. అందుకే మన జుమ్మాల్లో మున్కర్‌ను (చెడును) ఆపే మాట ఎప్పుడూ కిందికే చూస్తుంది.

కాబట్టి నేను ఇమాం సాబ్‌ను అడగడం మానేశాను. అడగాల్సింది కమిటీని. వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాను, కాగితం రాసి ఇప్పటికే సదర్ సాబ్‌కు ఇచ్చాను. ఒకటి, బయాన్ విషయం నచ్చలేదన్న కారణంతో ఇమాంను తీసేయాలంటే కమిటీ ఒక్కటే కాదు, సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. రెండు, మన మస్జిదులో నికాహ్ చదివించుకునే ప్రతి పెళ్ళికొడుకూ, జోడే కీ రకం, జహేజ్ (కట్నం కింద సామాను) తీసుకోలేదని సియాహా పక్కన సంతకం పెట్టాలి, సాక్షులు కూడా. అబద్ధపు సంతకాలు పెడతారని అప్పుడే ఇద్దరు ముగ్గురు అన్నారు. పెడతారు. కాకపోతే అబద్ధమని తెలిసిన నలుగురి మధ్య, మస్జిదులో కూర్చుని పెట్టాలి. రెండో తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు ఇంకా దొరకలేదు. మొదటిదానికి ఒకాయన దొరికాడు, మోటారు మెకానిక్, ముగ్గురు ఆడపిల్లల తండ్రి.